రెండవ నౌక

ఓరుగల్లు నగరానికి విమానం రాకపోవచ్చును గాని, విశ్వాంతరాళ నౌక మాత్రం వస్తుంది. మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం 1981 నుంచి మూతపడి ఉన్నది. దానిని తిరిగి తెరవడానికి కేంద్రం 2025లో అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత రైతుల భూములు, పరిహారం, రన్‌వే పొడవు వంటి ఐహిక విషయాలు మిగిలాయి. ఇతర గ్రహాల వారికి ఈ బాధలేవీ లేవు. భూసేకరణ అక్కరలేకుండా వారు నేరుగా భద్రకాళి చెరువు మీదికి వచ్చి, ఒక ఫొటో దిగి, వెళ్లిపోయారని మా కాలనీ వాట్సాప్ గ్రూపు ద్వారా తెలిసింది.

ఆ ఫొటో ఎట్లాంటిదో మీకు చెప్పనక్కరలేదు, మీ గ్రూపులోనూ ఒకటి ఉండే ఉంటుంది. కింద చెరువు కట్ట, వెనుక గుట్ట, పైన మబ్బుల నడుమ గుండ్రంగా, బూడిద రంగులో, అంచులు కాస్త మసకబారిన ఒక వస్తువు. తీసింది ఎవరో తెలియదు, ఏ రోజు తీశారో తెలియదు, ఎవరి ఫోను నుంచి బయలుదేరిందో తెలియదు. ఇన్ని తెలియని చోట పెద్దమనుషులు చేయగలిగింది ఒక్కటే కనుక వారు అసలు వర్గం, నకిలీ వర్గం అని రెండుగా చీలిపోయారు. నల్లా నీళ్లు రాని వారంలో కోరం లేక వాయిదా పడిన కాలనీ సంక్షేమ సంఘం ఈ ఫొటో కోసం కుర్చీలు చాలనంత నిండుగా సమావేశమైంది.

ముందుగా పెండ్లి ఫొటోలు తీసే తమ్ముడు లేచి నిపుణుడి హోదాలో వాంగ్మూలం ఇచ్చాడు. "ఎండ కుడి దిక్కు నుంచి కొడుతుంటె నీడ గూడ కుడికే ఎట్ల పడుతదన్నా? చెరువుల నీడ ఒక తీరు, పైన దాని నీడ ఇంకో తీరు." తర్వాత ఫ్లెక్సీలు ముద్రించే దుకాణదారు ఫొటోను గళ్లు గళ్లుగా విడిపోయేంత వరకు పెద్దది చేసి చూపించాడు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల మీద, వారిని జన్మలో కలవని వారిని పక్కన నిలబెట్టడం ఆయన వృత్తి. "అతికిస్తే అంచు గిట్లనే ఉంటది, నన్నడుగుండ్రి" అన్నప్పుడు ఆయన గొంతులో పలికిన అధికారం ముందు ఏ ప్రయోగశాలా నిలవదు. స్థిరాస్తి వ్యాపారి ఒక్కడే ఏ వర్గంలోనూ చేరలేదు. అది దిగితే ఎటువైపు దిగుతుందన్నదే ఆయన సందేహం.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు మాత్రం చరిత్రలోకి వెళ్లారు. 1950లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో మెక్‌మిన్‌విల్ దగ్గర ఒక రైతు తీసిన రెండు ఎగిరే పళ్లెం ఫొటోలు లైఫ్ పత్రికలో వచ్చాయని, అక్కడి వైమానిక దళం ఖర్చుతో కొలరాడో విశ్వవిద్యాలయంలో నడిచిన కాండన్ పరిశీలన కూడా వాటిని తేలికగా కొట్టివేయలేకపోయిందని, తర్వాతి శంకాకారులు ఫొటో పైభాగంలో కనిపించే కరెంటు తీగలకు దానిని వేలాడదీశారని వాదించారని, డెబ్బై ఐదేళ్లు గడిచినా ఆ వాదన ముగియలేదని వివరించారు. 1990 నాటి బెల్జియం త్రికోణం సంగతి కూడా ఆయనే చెప్పారు. మూలల్లో దీపాలతో నల్లటి ఆకారం ఉన్న ఆ ఫొటోను నిపుణులు రెండు దశాబ్దాలు పరీక్షించిన తర్వాత, 2011లో తీసినవాడే టీవీలోకి వచ్చి, అది రంగు పూసి బల్బులు అమర్చిన థర్మోకోల్ ముక్క అని ఒప్పుకున్నాడు. సభ నిట్టూర్చింది. "ఆనితోని గట్ల చెప్పిచ్చిండ్రు సార్" అన్నది అసలు వర్గం.

ఈ దశలో ఇంజనీరింగ్ చదివే ఒక పిల్లవాడు దారుణమైన తప్పు చేశాడు. నోటితో వాదించడానికి బదులు చేసి చూపించబోయాడు. ఇంట్లోని బగోనె మూతను గాలం దారంతో వేపకొమ్మకు కట్టి, కింద కూర్చొని, ఆకాశం నేపథ్యంగా ఫొటో తీశాడు. అన్నం పొంగుతున్నది, మూత తెమ్మని తల్లి లోపలి నుంచి కేకలు వేస్తూనే ఉన్నది. "ఇది మా ఇంటి మూత, నౌక ఇట్లాగే తయారవుతుంది" అని రాసి ఆ ఫొటోను గ్రూపులో పెట్టాడు. ఒకరు దానిని ముందుకు పంపారు, రాసిన వాక్యం వెనుకనే ఉండిపోయింది. పొద్దుగూకేలోగా అది కరీంనగర్‌లోని ఎవరి బావమరిది దగ్గరికో వెళ్లి, "వరంగల్‌లో రెండవ నౌక" అనే శీర్షికను అలంకరించుకొని మా గ్రూపుకే తిరిగి వచ్చింది.

సమావేశం మళ్లీ జరిగింది. మొదటి ఫొటో మీద అనుమానాలు ఉంటే ఉండవచ్చు గాని రెండవది మాత్రం నికార్సయిన అసలుదని ఈసారి రెండు వర్గాలూ ఏకమయ్యాయి. నీడ సరైన దిక్కునే పడిందని పెండ్లి ఫొటోల తమ్ముడు ధ్రువీకరించాడు. నిజమైన ఎండలో నిజమైన మూత నీడ మరెక్కడ పడుతుంది? అతుకు ఎక్కడా లేదని ఫ్లెక్సీల ఆయన ప్రమాణం చేశాడు. నిజమే, ఎవరూ ఏమీ అతికించలేదు. పిల్లవాడు మూతను పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, దాని అంచున ఉన్న సొట్టను, ఫొటోలో నౌక అంచున ఉన్న సొట్టను వేలితో చూపించాడు. సభ రెండింటినీ మార్చి మార్చి చూసి, నౌకకు ఉల్క తగిలి ఉంటుందని తీర్మానించింది. మరింత లోతుగా పరిశీలించడానికి ఒక ఉపసంఘం ఏర్పడింది. మూతను సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. ఆ తల్లి ఇప్పుడు పళ్లెం బోర్లించి అన్నం వండుతున్నది.

మన ఆకాశంలో వింత వస్తువులు తిరగవని నేను అనడం లేదు. టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు హైదరాబాద్ నుంచి 50 నుంచి 85 మీటర్ల వ్యాసం గల హైడ్రోజన్ బెలూన్లను ఎగరేస్తారు. అవి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. వాటి పరికరాలు రంగు రంగుల పారాచూట్లతో మన జిల్లాల పొలాల్లో దిగే అవకాశం ఉన్నదని, వాటిని తెరవవద్దని, కొన్నింటిలో ప్రమాదకరమైన విద్యుత్తు ఉంటుందని, ముట్టకుండా కబురు చేసిన వారికి బహుమానం ఇస్తామని పత్రికల్లో ప్రకటనలు వేయిస్తారు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో దిగిన పెద్ద గుండ్రటి యంత్రం కూడా అట్లాంటి బెలూన్ కింద వేలాడిన ప్రయోగ గదియే. ఈ ప్రకటన చదివిన వారు ఎవరని సభలో అడిగాను. పేపరు ఎవరు చదువుతున్నారని ఎదురు ప్రశ్న వచ్చింది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఉపసంఘం ఏర్పడిన రాత్రే ఆ గ్రూపులోకి మరో ఫొటో వచ్చింది. పాత చీర, భుజాన సంచి, బస్టాండు బెంచీ మీద కూర్చొని ఉన్న ఒక ఆడమనిషి. "పిల్లలను ఎత్తుకుపోయే ముఠా మన ఊళ్లో దిగింది, అందరికీ పంపండి." దానిని మొదట ముందుకు పంపినవాడు నీడల నిపుణుడు, రెండవవాడు అంచుల నిపుణుడు. నేను ఫోను చేసి, దీని నీడ చూశావా తమ్ముడూ అని అడిగాను. "గిండ్ల చూసుడేంది సార్, పిల్లల ముచ్చట. ముందుగాల పంపాలె."

2018 మే నెలలో నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ మండలంలో ఒకరిని, బీబీనగర్ దగ్గర ఒకరిని ఇదే "ముందుగాల పంపాలె" కొట్టి చంపింది. జులైలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు హైదరాబాద్ యువకుణ్ణి చంపింది. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన కిడ్నాప్ వీడియో కరాచీలో తీసిన అవగాహన ప్రకటన. ఎత్తుకుపోయిన పిల్లవాణ్ణి చివర్లో తిరిగి దింపి, హెచ్చరిక అట్ట చూపించే భాగాన్ని ఎవరో కోసేశారు. కోసిన చోట అతుకు ఒక్క నిపుణుడికీ కనిపించలేదు! గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపించి, పాటలు పాడించి మరీ ఇది అబద్ధమని చెప్పించవలసి వచ్చింది. ఆకాశంలో ఎవరికీ హాని చేయని బగోనె మూతకు ఇంత విచారణ జరిపే కళ్లు, నేల మీద కూర్చున్న మనిషి ముఖం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు గుడ్డివవుతాయి? ఆమె ఎవరు, ఏ బస్టాండు, ఫొటో తీసిందెవడు అని అడగడానికి ఏ ఫొటోషాప్ పరిజ్ఞానం కావాలి? సిగ్గుండాలి.

ఉపసంఘం వచ్చే ఆదివారం కూర్చుంటున్నది. రెండవ నౌక అంచున ఉన్న సొట్ట లోతు ఎంత అన్నది చర్చనీయాంశం. ఆ ఆడమనిషి ఫొటోను కూడా అదే రోజు పరిశీలించవలసిందిగా నేను రాతపూర్వకంగా కోరాను. అది ఆకాశంలో తీసిన ఫొటో కానందున తమ పరిధిలోకి రాదని కార్యదర్శి జవాబు ఇచ్చారు.