ఫైల్లో ఉండాల్సిన కోపం

సర్కారీ ఉత్తరానికి ఒక మర్యాద ఉంది. కింది నుంచి పైకి వెళ్లేటప్పుడు అది 'సవినయంగా మనవి' చేసుకోవాలి, పై నుంచి కిందికి దిగేటప్పుడు 'పరిశీలించడమైనది' అనాలి. మధ్యలో ఎంత తిట్టుకున్నా అభ్యంతరం లేదు. దొరల కాలంలోనైతే పది పేజీలు దులిపేసి, చివర 'తమ మిక్కిలి విధేయ సేవకుడు' అని సంతకం పెట్టేవారు. ఎర్ర నాడా కట్టారంటే ఆ కోపం ఫైల్లో భద్రం. నాడా విప్పి బజార్లో పెట్టారో, ఉద్యోగం గోవిందా.

ఈ చిన్న విషయం తెలియక సాక్షాత్తూ మద్రాసు గవర్నరే ఇంటిదారి పట్టాడు. 1860 నాటి ముచ్చట. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ కూడా ఆయన ఏలుబడిలోనివే. ఆయన పేరు సర్ చార్లెస్ ట్రెవెల్యాన్.

1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చుతో ఖజానా అడుగంటింది. లెక్కలు సరిచేయమని లండన్ వాళ్లు జేమ్స్ విల్సన్‌ను వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడిగా అప్పటి రాజధాని కలకత్తాకు పంపారు. ఆయన 1860 ఫిబ్రవరి 18న బడ్జెట్ పెట్టి, దేశంలో మొట్టమొదటిసారి ఆదాయపు పన్ను ప్రతిపాదించాడు. ఇది మీకు కొత్తేమీ కాదంటూ మనుస్మృతిని కూడా సాక్ష్యానికి పిలిచాడు. పన్ను వేయాలనుకున్నవాడికి మన సనాతన ధర్మం మీద ఎంత భక్తి పుట్టుకొస్తుందో చూడండి! ఏడాదికి 200 రూపాయల నుంచి 500 దాకా వస్తే నూటికి రెండు, ఆపైన నాలుగు. అంటే నెలకు 20 రూపాయల జీతం మీద బతికే రాజమండ్రి గుమస్తా ఏడాదికి 4 రూపాయల 12 అణాల పైచిలుకు కట్టాలి. దాదాపు వారం రోజుల జీతం. ఆ వారం ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలో మనువు ఎక్కడా రాసినట్టు లేదు.

ట్రెవెల్యాన్‌కు ఒళ్లు మండింది. ముందు సైన్యం ఖర్చు తగ్గించండి, కొత్త పన్నులతో జనాన్ని రెచ్చగొట్టకండి అని ఘాటుగా నోటు రాశాడు. ఇంతవరకూ తప్పేమీ లేదు. కలకత్తా వాళ్లు దాన్ని 'పరిశీలించి', తీరిగ్గా చెదలకు అప్పగించేవారు. ఆ ఓపిక లేక ఈయన ఆ నోటును పత్రికలకు ఇచ్చేశాడు. జనం చదివేశారు! తమ మీద వేసే పన్ను గురించి తామే చదవడం కన్నా అరాచకం ఇంకేముంటుంది? విల్సన్‌కు ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. పాపం, ఆయనే లండన్‌లో 'ఎకనామిస్ట్' పత్రిక పెట్టిన మనిషి. పత్రికలో అచ్చయితే ఏమవుతుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

లండన్ నుంచి తాఖీదు వచ్చింది: వెనక్కి రావలెను. ఇక్కడే చూడాలి పనితనం. భారత వ్యవహారాల మంత్రి చార్లెస్ వుడ్ ఆయన్ని ఎంత నిజాయితీపరుడని, ఎంత స్వతంత్రుడని పొగిడాడో లెక్కలేదు. ఆయన పోవడం ఇండియాకే నష్టమట. అయితే ఉంచితే మాత్రం తమ పాలనకే ప్రమాదమట. వీడ్కోలు సభ ఉపన్యాసాన్నీ సస్పెన్షన్ ఆర్డర్‌నూ ఒకే కాగితం మీద రాయడమంటే మాటలా?

అలాగని ట్రెవెల్యాన్‌కు గుడి కట్టనక్కర్లేదు. ఐర్లండ్ మహా కరువులో లండన్ ఖజానా శాఖలో కూర్చుని, పిడికిలి బిగించి సాయం విదిల్చింది ఈ పెద్దమనిషే. ప్రభుత్వోద్యోగులు ఎలా ఉండాలో 1854లో నివేదిక రాసిన ఇద్దరిలో కూడా ఈయనొకడు.

తర్వాతి కథ ఏ జ్యోతిష్కుడూ చెప్పలేనిది. జూలై 24న పన్ను చట్టమైంది. ట్రెవెల్యాన్ స్థానంలో వచ్చిన గవర్నరు హెన్రీ వార్డ్ ఆగస్టు 2న కలరాతో పోయాడు. అదే నెల 11న కలకత్తాలో విల్సన్ కూడా పోయాడు. మధ్యలో మరొకరు కూర్చుని లేచాక, 1863లో ఆ ఆర్థిక సభ్యుడి కుర్చీలోకి వచ్చి కూర్చున్నది ఎవరనుకున్నారు? పాలనకే ప్రమాదమని ఇంటికి పంపిన ట్రెవెల్యానే! 1865లో ఆయన హయాంలోనే ఆ పన్ను గడువు తీరి పోయింది. 1886లో మళ్లీ వచ్చి తిష్ట వేసింది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఏటా జూలై 24న ఆదాయపు పన్ను శాఖ తన పుట్టినరోజు జరుపుకుంటుంది. వద్దన్నవాడికి మాత్రం ఏ రోజూ లేదు. మద్రాసు జనం కోసం ఆయన వేయించిన పీపుల్స్ పార్కు ఒకటి ఉండేది. మన ఊళ్ల నుంచి రైల్లో వెళ్లి చెన్నై సెంట్రల్లో దిగి బయటికొస్తే, పక్కనే తెల్లగా మెరిసే రిపన్ బిల్డింగ్ కనిపిస్తుంది కదా, అది ఆ పార్కు జాగాలో లేచిందే. కార్పొరేషన్ ఆఫీసు. లోపల ఫైళ్లు పైకీ కిందికీ నడుస్తుంటాయి, సవినయంగా.