"రెండు నిమిషాలు మేడం" అన్న గంటకు బిల్లు లేదు

యూనివర్సిటీలో పార్ట్ టైంగా సైకాలజీ చెప్తాను, గంటల లెక్కన జీతం. డిసెంబర్ బిల్లు మొన్ననే పెట్టాను. థియరీ 18 గంటలు. ప్రాక్టికల్స్ 20 గంటలు చేశాను కానీ మా దగ్గర ప్రాక్టికల్ గంట అంటే అరగంట కిందే లెక్క, అంటే 10. మొత్తం 28. గంటకు 700 చొప్పున 19,600. యూత్ ఫెస్టివల్ వల్ల పోయిన మూడు క్లాసులు ఇందులో లేవు. ఫెస్టివల్ సంగతి నాకు గేటు దగ్గరికి వెళ్లాకే తెలిసింది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి సరిపోయింది.

సెక్షన్‌లో కాగితం చూసి క్లర్క్ గారు, "మేడం, పన్నెండో తేదీ సంతకం లేదు, ఆ గంట కొట్టేస్తున్నా" అన్నారు. తప్పు ఆయనది కాదు. రిజిస్టర్‌లో లేనిదాన్ని ఆయన పాస్ చేయలేరు. అలా 18,900కి దిగింది.

పన్నెండో తేదీన క్లాసు అయిపోయి సంతకానికి వెళ్తుంటే ఒకమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. "రెండు నిమిషాలు మేడం" అంది. కూర్చోబెట్టి మాట్లాడటానికి మాకు గది లేదు. ల్యాబ్‌లోకి తీసుకెళ్లాను. మిర్రర్ డ్రాయింగ్ (అద్దంలో చూస్తూ బొమ్మ గీసే ప్రయోగం) సామాను పక్కకు జరిపి ఇద్దరం కూర్చున్నాం. నిద్ర పట్టడం లేదనే మాటతో మొదలైంది. మిగతాది ఇక్కడ రాయను, రాయకూడదు. గంటన్నర పట్టింది. తనను ఎవరి దగ్గరికి పంపాలో కనుక్కుని, ఆ ఫోన్ కూడా నేనే చేసి బయటికొచ్చేసరికి ఆఫీసు బీరువాకు తాళం పడింది. రిజిస్టర్ అందులోనే ఉంది.

సైకాలజీ చెప్పేవాళ్లందరికీ ఇది తెలిసిందే. మిగతా సబ్జెక్టుల్లో బెల్లు కొడితే పని అయిపోతుందని నేననను, వాళ్ల తిప్పలు వాళ్లవి. మాకు మాత్రం బెల్లు కొట్టాకే అసలు పని మొదలవుతుంది. డిప్రెషన్ పాఠం చెప్పిన రోజు కనీసం ఒక్కరైనా వెనక్కి ఆగుతారు. పర్సనాలిటీ టెస్టు చేయిస్తే, రికార్డు పక్కనపెట్టి "మేడం, ఈ స్కోరు అంటే నాకేమైనా ప్రాబ్లమా?" అని అడుగుతారు. నేను క్లినికల్ సైకాలజిస్టును కాను, వైద్యం చేయను. కానీ వినకుండా ఎలా వెళ్లిపోతాను? యూనివర్సిటీ నాకు గంటల లెక్కన జీతం ఇస్తుంది. ఈ పని మాత్రం ఏ గంటలోనూ పడదు.

2025 జూలైలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడండి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులోనే ఆ తీర్పు వచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న ఒక కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని కోర్టు చెప్పింది. మంచిదే. ఆ అర్హత ఉన్నవాళ్లను తయారుచేసేది ఎవరండీ? మేమే. ఎండాకాలం వస్తే జీతం ఆగిపోయే మేమే.

"మీకు ఫుల్ వర్క్‌లోడ్ లేదు కదా" అంటారు. నిజమే, ఉండదు. ఉండకుండా పంచుతారు కదా! ఒక పోస్టు పనిని ముగ్గురికి ముక్కలు చేసి ఇస్తే ఎవరికీ ఫుల్ వర్క్‌లోడ్ రాదు. "క్వాలిఫికేషన్" అని ఇంకొకరు అంటారు. నాకు నెట్ (లెక్చరర్ల అర్హత పరీక్ష) ఉంది, పీహెచ్‌డీ ఉంది. మాలాంటి గెస్ట్ ఫ్యాకల్టీకి కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఉండాల్సిన అర్హతలే ఉండాలని 2019లో యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ చెప్పింది. లెక్చర్‌కు 1,500 ఇవ్వమని, నెలకు 50,000 దాటొద్దని చెప్పింది కూడా అప్పుడే. అర్హతల దగ్గరికొస్తే యూజీసీ గుర్తొస్తుంది, డబ్బు దగ్గరికొస్తే "యూనివర్సిటీ ఆర్థిక పరిస్థితి" గుర్తొస్తుంది. పక్క గదిలో కొత్తగా చేరే రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బేసిక్కే 57,700.

పెళ్లిళ్లకు వెళ్తే ఇంకో తమాషా. "ఏం చేస్తున్నావమ్మా?" అని పెద్దమ్మలు అడుగుతారు. యూనివర్సిటీలో చెప్తున్నానంటే, "ఓహో, లక్ష దాకా వస్తుందేమో" అని వాళ్లే లెక్క కట్టేస్తారు. నేను నవ్వి వడ్డన వైపు వెళ్లిపోతాను.

పదకొండేళ్లుగా ఎందుకు మానలేదని మా ఆయన అడుగుతుంటాడు. దానికి జవాబు నేను ప్రతి ఏడాదీ బోర్డు మీద రాసేదే. ఎలుకలతో ప్రయోగాలు చేసిన సైకాలజిస్టు స్కిన్నర్ పాఠంలో ఉంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడే ఎలుక, గింజలు ఆగిపోతే త్వరగానే మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా అప్పుడప్పుడూ పడితే మాత్రం ఒక పట్టాన వదలదు. మా రెన్యువల్ ఆర్డర్ ఒక ఏడాది జూలైలో వస్తుంది, ఒక ఏడాది సెప్టెంబర్‌లో. మధ్యలో "రెగ్యులర్ పోస్టులకు నోటిఫికేషన్ వస్తుందట" అని ఎవరో ఒకరు అంటారు. ఇంకో ఏడాది చూద్దాం అనుకుంటాం. పిల్లలకు ఆ గ్రాఫు గీసి చూపించేటప్పుడు ఒక్కోసారి నాకే నవ్వొస్తుంది.

2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులోనూ సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. సభల్లో గురుబ్రహ్మ శ్లోకం చదివితే సరిపోదంది, వాళ్లకు కనీస పే స్కేలు ఇవ్వమంది. ఆ వార్త మా గ్రూపులో అందరం ఫార్వర్డ్ చేసుకున్నాం, చప్పట్ల బొమ్మలు పెట్టుకున్నాం. మరుసటి రోజు ఇన్విజిలేషన్ డ్యూటీ చార్టు వచ్చింది, నోరు మూసుకుని వెళ్లాం. మా తప్పు కూడా ఉంది. రెన్యువల్ సంతకం పెట్టేవాళ్ల ముందు గొంతు లేవదు. ఒకప్పుడు పార్ట్ టైంగా చేసి ఇప్పుడు ప్రొఫెసర్లయిన వాళ్లకైనా లేవాలి కదా! వాళ్లేమో "మేమూ పడ్డామమ్మా" అంటారు.

రెగ్యులర్ చేయమని ఈ పోస్టులో అడగడం లేదు, అది పెద్ద పోరాటం, వేరే నడుస్తోంది. నేనడిగేవి చిన్నవి. ప్రాక్టికల్ గంటను గంటగా లెక్కెయ్యండి. సెమిస్టర్ మొదలయ్యే ముందే ఆర్డర్ చేతికివ్వండి. పిల్లలతో మాట్లాడటానికి వారానికి నాలుగు గంటలు, తలుపు వేసుకునే ఒక గది ఇచ్చి, ఆ గంటలను కూడా బిల్లులో రాసుకోనివ్వండి.

సోమవారం నుంచి కొత్త సెమిస్టర్. టైంటేబుల్ గోడకు అంటించారు. మిగతా వాళ్లవి పేర్లు, నా గడిలో మాత్రం "పీటీ-2", అంటే రెండో పార్ట్ టైమర్. పోయినేడాది ఒకబ్బాయి స్పోర్ట్స్ షూస్ వేసుకుని వచ్చాడు, ఆటల పీరియడ్ అనుకున్నాడట.