ఉత్తరానికి పోయే నదికి ఓ ఉత్తరం

శ్రీమతి రెడ్ రివర్ గారికి,

నార్త్ డకోటాలోని ఫార్గోలో మీ ఒడ్డున అద్దెకుంటున్న భద్రాచలం వాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇప్పుడే బేస్‌మెంట్ మెట్ల దాకా వెళ్ళి చూసొచ్చాను. ఆ మాట తర్వాత రాసుకోవచ్చు.

నేను గోదారి ఒడ్డున పెరిగినవాణ్ణి. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నాకు ఎక్కాలకంటే ముందు ఇవే వచ్చాయి. మా గోదారి కోపానికి ఓ పద్ధతుంది. ఎగువన వానలు పడతాయి, ఎర్రనీళ్ళొస్తాయి, మనం సామాన్లు అటకెక్కిస్తాం. మీరేమో ఆకాశంలో మబ్బు తునక లేనప్పుడు వస్తారు. నాలుగు నెలలు గడ్డకట్టుకుపోయిన జనం ఏప్రిల్ ఎండకి స్వెటర్ విప్పి అమ్మయ్య అనుకునేలోపు గుమ్మంలో మీరు! ఎండ కాస్తే వరద రావడం ఎక్కడి న్యాయమండీ?

పైగా ఉత్తరానికి ప్రయాణం. వాపెటన్ దగ్గర మీ పుట్టింట్లో మంచు ముందే కరుగుతుంది. కెనడాలో విన్నిపెగ్ వైపు మెట్టినింట్లో ఇంకా గడ్డకట్టే ఉంటుంది. అక్కడ తలుపు తీశారో లేదో కనుక్కోకుండానే బయల్దేరతారు. ముందు ఐస్ పలకలు అడ్డం, వెనక నీళ్ళ తోపులాట, మధ్యలో మేం.

నీరు పల్లమెరుగు అంటారు మావాళ్ళు. ఆ సామెత చెప్పినాయన ఫార్గో రాలేదు. ఇక్కడ మైలుకి అరడుగు వాలుంటే గొప్ప. ఇదంతా మంచుయుగం నాటి అగాసీ సరస్సు అడుగట. అంటే మీరు పొంగినప్పుడల్లా ఆక్రమణదారులం మేమే! గట్టు దాటిన నీళ్ళు ఎటు పోవాలో తెలియక పొలాల నిండా పరుచుకుంటాయి. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఇంకవు. తూముల్లో ఐస్ బిగుసుకుని ఉంటుంది కాబట్టి పోవు.

ఇక మీ గుమాస్తా పొగమంచు గారు. దక్షిణపు తేమగాలి మంచు పొలాల మీదికొచ్చి చల్లబడితే ఆయన ప్రత్యక్షం. ఊరికే కళ్ళు కప్పుతాడనుకునేవాణ్ణి. ఆ తేమ మంచు మీద నీరుగా మారేటప్పుడు వేడి విడిచి, మంచుని ఇంకా తొందరగా కరిగిస్తుందట. రాత్రంతా మీకు నీళ్ళు మోసిపెట్టి, పొద్దున్నే మాకు రోడ్డు కనబడకుండా చేస్తాడన్నమాట. మొన్న ఇంటర్‌స్టేట్ 29 హైవే దిగి మట్టిరోడ్డెక్కాను. పొలం తెలుపు, గాలి తెలుపు, రోడ్డు మీద పారే నీళ్ళూ అదే రంగు. టైర్ల చప్పుడు మారితే గానీ తెలియలేదు. అడుగు లోతు పారే నీళ్ళకి చిన్న కారు తేలిపోతుంది. నాది చిన్న కారే. రివర్స్‌లో వెనక్కొచ్చిన ఆ రెండొందల గజాలకి నాకు ఇంకో లైసెన్స్ ఇవ్వాలి.

1997లో మాకు దిగువనున్న గ్రాండ్ ఫోర్క్స్ వాళ్ళకి మీరు 49 అడుగుల దాకా వస్తారని వాతావరణ శాఖ చెప్పింది. పాపం వాళ్ళు ఆ అంకెనే నమ్ముకుని ఇసుక బస్తాలు పేర్చారు. మీరు 54 దాటారు. గట్లకి గండ్లు పడ్డాయి, ఊరు ఖాళీ అయింది. డౌన్‌టౌన్‌లో 11 భవనాలు నడుం లోతు నీళ్ళలో నిలబడి కాలిపోయాయి. మిమ్మల్నేమనగలం, 49 అని మాటిచ్చింది మీరు కాదుగా! విన్నిపెగ్ వాళ్ళు నయం. 1968కల్లా 47 కిలోమీటర్ల కాలువ తవ్వేసి, మిమ్మల్ని ఊరి బయటినుంచే సాగనంపుతున్నారు. 2009లో 40.84 అడుగుల దాకా చూశాక మా ఫార్గో కూడా తవ్వడం మొదలెట్టింది. తవ్వుతూనే ఉంది.

ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాను. మామూలు పాలసీలో వరద ఉండదట, విడిగా తీసుకోవాలట, తీసుకున్నా 30 రోజులకి గానీ అమల్లోకి రాదట. ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. నెల రోజులు ఆగమని మీకు కూడా ఎవరైనా అంత మర్యాదగా చెబితే బాగుండు.

ఇంకో విషయం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు సంప్ మూత తీసి, నీళ్ళు ఎప్పుడొస్తాయా అని చూసేవాణ్ణి. ఇక్కడా సంప్ ఉంది, కాకపోతే బేస్‌మెంట్‌లో ఊరిన నీళ్ళు చేరే గుంట, బయటికి తోడెయ్యడానికి ఓ పంపు. మూత తీసి, ఎప్పుడు పోతాయా అని చూస్తున్నాను. రాత్రి నుంచీ దాని పంపు గుర్రుమంటూనే ఉంది, ఆ చప్పుడు వింటూనే ఈ ఉత్తరం...

ఆగిపోయింది. నీళ్ళయిపోయాయో, కరెంటు పోయిందో. టార్చి తీసుకుని చూసొచ్చి మిగతాది రాస్తాను.