మహమూద్ అబ్దుల్ రవూఫ్‌ని ఎవరూ నిషేధించలేదు, అదే నా కోపం

బాస్కెట్‌బాల్ స్టార్ స్టెఫ్ కర్రీ వీడియో ఎవరు పెట్టినా కింద ఒకటే పాట: "ఇలాంటోడు ఇంతకుముందు పుట్టలేదు." పుట్టాడు బాబూ. 1969లో, మిసిసిపీలోని గల్ఫ్‌పోర్ట్‌లో. ఈ రవూఫే. అప్పటి పేరు క్రిస్ జాక్సన్. 2016లో కర్రీ చెలరేగిపోతున్నప్పుడు ఫిల్ జాక్సన్ అంతటి కోచ్ ట్విట్టర్లో ఈయన్నే గుర్తుచేశాడు, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొద్దికాలమే అయినా అద్భుతంగా ఆడాడని. కుర్రాళ్ళంతా ఫిల్‌ని ఆడిపోసుకున్నారు. నాకు మాత్రం "కొద్దికాలమే" దగ్గర ఒళ్ళు మండింది. ఎందుకు కొద్దికాలమైందో కూడా చెప్పొచ్చుగా?

ముందు ఆట సంగతి. ఈయనకి టూరెట్ సిండ్రోమ్. మెడ, మొహం తన ప్రమేయం లేకుండా అదురుతుంటాయి, గొంతులోంచి శబ్దాలు వస్తుంటాయి. పదిహేడేళ్ళు వచ్చేదాకా దానికో పేరుందని కూడా తెలీదు. షూ లేసు కడతాడు, మనసుకి సరిపడదు, విప్పి మళ్ళీ కడతాడు. బంతి నెట్‌లో పడితే చాలదు. రింగుకి తగలకూడదు, నెట్ తను కోరుకున్న చప్పుడే చెయ్యాలి. అలా వరుసగా పడేదాకా జిమ్ వదిలేవాడు కాదు. మధ్యలో ఒక్కటి రింగుకి రాసుకుందా, లెక్క మళ్ళీ మొదటికే.

చాదస్తం అనండి, శాపం అనండి. 1993-94లో డెన్వర్ జట్టుకి ఆడుతూ 229 ఫ్రీత్రోలు (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు) వేస్తే 219 పడ్డాయి. ఇంకొక్కటి పడుంటే ఒక సీజన్ ఫ్రీత్రో శాతంలో కాల్విన్ మర్ఫీ పేరు మీదున్న అప్పటి రికార్డు పోయేది. ఆరడుగుల ఒక అంగుళం మనిషి, 1995 డిసెంబర్‌లో యూటా జాజ్ జట్టు మీద 51 పాయింట్లు కొట్టాడు. రెండు నెలలకి డెన్వర్‌కి షికాగో బుల్స్ జట్టు వచ్చింది. ఆ సీజన్ మొత్తంలో పదే పది మ్యాచ్‌లు ఓడిన మైకేల్ జోర్డాన్ బుల్స్. ఆ పదిలో ఒకటి ఇది. ఈయన 32 పాయింట్లు.

ఆ తర్వాత ఒక్క నెలలో అంతా తిరగబడింది.

1991లో ఇస్లాం తీసుకున్నాడు, 1993లో పేరు మార్చుకున్నాడు. అమెరికా జెండా అణచివేతకి గుర్తని, దానికి లేచి నిలబడటం తన విశ్వాసానికి కుదరదని, మ్యాచ్ ముందు జాతీయగీతం వచ్చేటప్పుడు లాకర్ రూమ్‌లో ఉండిపోవడమో, పక్కన కూర్చోవడమో చేసేవాడు. నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. రేడియోలో రచ్చ మొదలయ్యాక 1996 మార్చి 12న ఎన్‌బీఏ సస్పెండ్ చేసింది. ఒక మ్యాచ్. అంతే. తర్వాత రాజీ కుదిరింది: నిలబడతాడు, కానీ కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంటాడు. షికాగోలో అలాగే నిలబడ్డాడు. జనం గోల చేశారు. డెన్వర్‌లోనైతే రేడియో వాళ్ళు బూర పట్టుకుని మసీదులోకే దూరి జాతీయగీతం వాయించారు.

నేను జనగణమన వస్తే లేచి నిలబడతాను, థియేటర్లో అయినా సరే. 2016లో సుప్రీంకోర్టు హాళ్ళలో తప్పనిసరి చేసినప్పుడు, 2018లో ఆ తప్పనిసరి తీసేసినప్పుడు, పక్క సీటువాణ్ణి కాపలా కాసే బ్యాచ్‌ని మనమూ చూశాం. రవూఫ్ మాటతో మీరు ఏకీభవించక్కర్లేదు, నాకూ అందులో కొంత మింగుడుపడదు. అయినా నా ప్రశ్న ఒకటే. మనిషి నిలబడ్డాడు కదా? రూలు పాటించాడు కదా? మరి ఆ వేసవిలోనే, జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసినవాణ్ణి, డెన్వర్ వాళ్ళు శాక్రమెంటో జట్టుకి ఎందుకు పంపేశారు? బదులుగా వచ్చిందెవరు? మోకాళ్ళు అరిగిపోయిన మార్చులియోనిస్, కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో రౌండు అవకాశం ఒకటి. మార్చులియోనిస్ గొప్ప ఆటగాడే, పాపం ఆయన్నేమీ అనను. డెన్వర్‌కి 17 మ్యాచ్‌లు ఆడి రిటైరయ్యాడు. ఆ ఏడాది డెన్వర్ గెలిచిన మ్యాచ్‌లు 21. ఆ తర్వాతి ఏడాది 11. ఇది బాస్కెట్‌బాల్ లెక్కే అని నాకు చెప్పకండి.

శాక్రమెంటోలో ఆట తగ్గింది, నిజమే. రెండో ఏడాది 31 మ్యాచ్‌లే ఆడాడు, షాట్లూ సరిగ్గా పడలేదు. కానీ లీగ్‌లో అత్యుత్తమ షూటర్లలో ఒకడికి 29 ఏళ్ళకే ఒక్క జట్టూ తలుపు తియ్యలేదు. టర్కీ వెళ్ళి ఆడుకున్నాడు. 2000లో ఎన్‌బీఏ జట్టు వాంకూవర్ ఒక్క ఏడాది పిలిచి బెంచి మీద కూర్చోబెట్టింది. 2001లో మిసిసిపీలో ఇల్లు తగలబడింది. ఆ తర్వాత రష్యా, ఇటలీ, గ్రీస్, సౌదీ, జపాన్, ఎక్కడ పిలిస్తే అక్కడ.

నిషేధం ఉంటే కోర్టుకెళ్ళొచ్చు, యూనియన్ కొట్లాడొచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కెపర్నిక్ 2016లో జాతీయగీతం వచ్చేటప్పుడు మోకాలి మీద కూర్చుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు, కానీ కనీసం తన లీగ్ మీద కేసు వేసి రాజీ సొమ్ము రాబట్టాడు. రవూఫ్ ఏ కాగితం చూపించాలి? ఫోన్ మోగకపోవడానికి రుజువేముంటుంది?

2020లో ఆయన కాలేజీ రోజుల్లో ఆడిన ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వాళ్ళు ఆయన 35 నంబర్ జెర్సీని గౌరవంగా పక్కనపెట్టారు. ముప్ఫై ఏళ్ళు పట్టింది, సర్లే. యాభైకి దగ్గరపడ్డాక కూడా ర్యాపర్ ఐస్ క్యూబ్ పెట్టిన త్రీ ఆన్ త్రీ (జట్టుకి ముగ్గురేసి ఆడే) లీగ్‌లో కుర్రాళ్ళ మీద షాట్లు కొట్టాడు. బుల్స్ మ్యాచ్ యూట్యూబ్‌లో ఉంది. ముందు అది చూడండి, కర్రీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.