ప్లేటులో పెరిగిన కణం ఏ రక్తనాళం సంగతి చెబుతున్నట్టు?

ధమని గోడలోని నునుపు కండర కణానికి ప్రధానంగా ఒకటే పని: బిగుసుకోవడం, వదులవడం. పెద్దగా విభజన చెందదు, చోటు కదలదు. దాన్నే బయటికి తీసి ప్లాస్టిక్ ప్లేటులో వేస్తే కొద్ది రోజుల్లోనే బిగుసుకునే ప్రోటీన్లు తగ్గిపోయి, విభజన మొదలై, పాకుతూ చుట్టూ కొలాజెన్ అనే పోగుల ప్రోటీన్ పరుచుకుంటుంది. 1970ల నుంచీ తెలిసిన సంగతే. అయినా 'రక్తనాళ కణాల మీద ఈ మందు పనిచేసింది' అనే వార్త రాగానే, ఎందులో పెంచిన కణాల మీద అని అడిగేవాళ్లు తక్కువ.

అసలు గొడవ, కణాలు పెరగడానికి ప్లేటులోని పోషక ద్రవంలో కలిపే సీరంతోనే. రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం అది, గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వదిలిన పీడీజీఎఫ్ లాంటి పెరుగుదల కారకాలన్నీ అందులోనే ఉంటాయి. 1974లో శాస్త్రవేత్త రసెల్ రాస్ బృందం ప్లేట్‌లెట్ల సరుకు లేని సీరం పోసి చూస్తే ధమని కణాలు పెద్దగా పెరగలేదు, ఆ సరుకు కలిపితే పెరిగాయి. అంటే 10 శాతం సీరంలో ఉన్న కణానికి అది ప్లేటు కాదు, ఎక్కడో నాళం తెగి రక్తం గడ్డకడుతోందన్న కబురు.

గ్లూకోజ్ సంగతీ చూడండి. ల్యాబుల్లో బాగా వాడే హై గ్లూకోజ్ డీఎంఈఎం అనే మీడియంలో, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలో, లీటరుకు 4.5 గ్రాములు, మన షుగర్ రిపోర్టు లెక్కలో 450! రిపోర్టులో ఆ అంకె కనిపిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షనే, ప్లేటులో మాత్రం దాన్ని మామూలు మీడియం అనేస్తాం.

ఇక కణం పట్టుకుని ఉండే నేల. ధమని గోడ కన్నా ప్లాస్టిక్ వేల రెట్లు గట్టిది, పైగా నాడి కొట్టిన ప్రతిసారీ గోడ సాగుతుంది గానీ ప్లేటు సాగదు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది 1996లో వచ్చిన కొలాజెన్ ప్రయోగం: విడి అణువులుగా పూసిన కొలాజెన్ మీద కణాలు విభజన చెందాయి, అదే కొలాజెన్ పోగులుగా అల్లుకుని ఉంటే ఆగిపోయాయి. పదార్థం ఒకటే, అల్లిక మారిందంతే.

అలాగని ప్లేటును తీసిపారేయమని కాదు. ధమనిలో కొవ్వు గడ్డలు కట్టినప్పుడు, స్టెంట్ వేశాక నాళం మళ్లీ పూడుకుపోయినప్పుడు ఈ కణాలు నిజంగానే ఇలా మారతాయి, అక్కడ ప్లేటు చెప్పేదాంట్లో చాలా నిజం ఉంది. బీపీకి సంబంధించిన ప్రశ్నకు, బిగుసుకోవడమే మరిచిపోయిన కణం దగ్గర జవాబు వెతకడంతోనే నాకు పేచీ. ఒకట్రెండు రోజులు సీరం ఆపేస్తే దారికొస్తుందంటారు, విభజన తగ్గుతుంది నిజమే, పాత కణం మాత్రం పూర్తిగా తిరిగి రాదు.

అందుకే 'కణాలను ప్రామాణిక పద్ధతిలో పెంచాం' అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన పేపరు కనిపిస్తే, గ్రాఫుల జోలికి వెళ్లేముందు నేను వెతికేది మూడే: ఎన్నో పాసేజ్ (అంటే కణాలను ఎన్నిసార్లు కొత్త ప్లేటులోకి మార్చి పెంచారు), సీరం ఎంత, ప్లేటు మీద ఏం పూశారు.