మద్దెల వాంగ్మూలం

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. ఈ "అట" దగ్గరే నాకు అనుమానం మొదలైంది. ఆవిడ అనగా విన్నదెవరు? ఆ రోజు మద్దెల వాయించినవాణ్ణి పిలిచి ఎవరైనా అడిగారా? సాక్షి లేడు, పంచనామా లేదు, తీర్పు మాత్రం తరాలుగా అమలవుతోంది. అందుకని ఈ కేసు తిరగదోడడానికి నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకున్నాను. జీతభత్యాలు లేవు. గడువు మాత్రం మూడుసార్లు పొడిగించుకున్నాను. కమిషన్ అన్నాక ఆ మాత్రం సంప్రదాయం పాటించాలి కదా.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. ఇక్కడ "ఓడు" అంటే ఓడిపోవడం కాదు, పగిలింది, చిల్లిపడింది అని. ఓటికుండలో ఉన్న "ఓటి" ఇదే. ఇది తెలియని కుర్రాళ్ళు కొందరు ఆవిడకీ మద్దెలకీ పోటీ జరిగిందనీ, అందులో మద్దెల ఓడిపోయిందనీ అనుకుంటున్నారు. కమిషన్ వాళ్ళని తప్పుపట్టదు. ఎన్నికల్లో ఓడినవాళ్ళు యంత్రం ఓడు అంటున్న రోజుల్లో రెండర్థాలూ ఎలాగూ కలిసిపోయాయి.

తర్వాత పొరుగువాళ్ళ రికార్డులు తెప్పించాను. హిందీలో ఆట రానివాళ్ళకి ముంగిలి వంకర. బెంగాలీలోనూ ముంగిలే. కన్నడంలో కుణియలేనమ్మ, అంటే ఆడలేనమ్మే, నేల డొంకు (వంకర) అందట. తమిళంలో కూడం, అంటే ఇంటి హాలు, వంకర, కొందరి లెక్కలో వీధే వంకర. పోలండ్‌లో చేతగాని బాలే నర్తకికి పావడా అంచు అడ్డమొస్తుంది. రష్యాలో చేతగాని నర్తకుడికి తన ఒంటిదే ఒకటి అడ్డమొస్తుంది. అదేమిటో కమిషన్ రికార్డుల నుంచి తొలగించింది.

అందరూ నేలనో గుడ్డనో అన్నారు. నేల తిరిగి మాట్లాడదు. మన తెలుగావిడ ఒక్కతే పక్కనున్న మనిషి చేతిలోని వాయిద్యాన్ని అంది. అతను అక్కడే కూర్చుని ఉన్నాడు, "ఏదీ, చూపించమ్మా" అని అడగగలడు. అయినా అంది. అంటే ఆవిడకి మహా తెగువైనా ఉండాలి, మద్దెల నిజంగా పగిలైనా ఉండాలి.

పగిలి ఉంటుందనడానికి మన భాషలోనే ఇంకో సాక్షి దొరికింది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందట. రోలుకి ఒకవైపే దెబ్బలు, మద్దెలకి రెండువైపులా. అది రాత్రీ పగలూ రెండువైపులా బాదించుకుంటుందని ఒక సామెత జాలిపడుతుంది. పాపం పగిలిందేమో అంటే ఇంకో సామెత నవ్వుతుంది. రెండూ మన నోట్లోనే ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే బోనెక్కించే తీరిక ఇంతవరకూ ఎవరికీ లేకపోయింది.

ఇంతకీ ఈ సామెత కట్టిందెవరు? ఆడినావిడ కట్టదు. వాయించినవాడో, చూసినవాడో కట్టాలి. ఇద్దరూ కూర్చునే ఉన్నారు. ఇక్కడే కమిషన్‌కి అసలు తీగ దొరికింది: నాట్యం గురించి లోకంలో తిరిగే మాటల్లో ఎక్కువ భాగం కూర్చున్నవాళ్ళు పుట్టించినవే.

రోజూ చదివే వార్తలే చూడండి. దరిద్రం తాండవిస్తోంది, అవినీతి తాండవిస్తోంది. శివుడి గణాల్లోని తండువు, నాట్యశాస్త్రం చెప్పిన భరతమునికి నేర్పింది కాబట్టి తాండవం అంటారు. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో దానికి 108 కరణాలు, అంటే చేతులూ కాళ్ళూ కలిపి చేసే కదలికలు, చెప్పారు. ఒక్కో కరణం పట్టుబడడానికి మనుషులకి మోకాళ్ళు అరిగిపోతాయి. దరిద్రానికి మాత్రం గురువు అక్కర్లేదు, అరంగేట్రం అక్కర్లేదు, ఉపసంపాదకుడి కలం ఉంటే చాలు. చిందు కళాకారులు గజ్జె కట్టి పురాణకథ ఆడతారు. కానీ "చిందులు తొక్కాడు" అంటే మనకి గుర్తొచ్చేది ఫైలు కనపడక అరుస్తున్న పై అధికారి. వీరంగానికి పట్టిన గతి చెప్పక్కర్లేదు, దాన్ని పూర్తిగా తాగినవాళ్ళకి రాసిచ్చేశాం.

విదేశీ కేసులు ఇంకా ఘోరం. "ఎవరూ చూడనట్టు నాట్యం చెయ్యి" అని అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ ఫొటో కింద రాసి పంపుతుంటారు. ఆయన 1910లో పోయారు. ఆ మాట 1987లో సుసానా క్లార్క్, రిచర్డ్ లీ కలిసి రాసిన కంట్రీ పాటలోది. టాంగో నాట్యానికి ఇద్దరుండాలన్న సామెత కూడా 1952 నాటి పాటే. హాలీవుడ్ నాట్యజంటలో ఫ్రెడ్ అస్టేర్ చేసిందంతా జింజర్ రోజర్స్ ఎత్తుమడమల జోళ్ళతో వెనక్కి నడుస్తూ చేసిందన్న మాటని ప్రచారంలో పెట్టింది 1982లో బాబ్ థేవ్స్ గీసిన కార్టూన్. పాటలు కట్టేవాళ్ళు, కార్టూన్లు గీసేవాళ్ళు. అందరూ కుర్చీల్లోనే.

నిజంగా లేచి ఆడిన మనిషి ఒకరు దొరికారని సంతోషించాను. అమెరికాలో అరాచకవాద ఉద్యమకారిణి ఎమ్మా గోల్డ్‌మన్. "నేను నాట్యం చెయ్యలేకపోతే మీ విప్లవం నాకొద్దు" అన్న మాట ఆవిడ పేరు మీదే ఉంది. 1931లో అచ్చయిన ఆత్మకథ తిరగేస్తే సంఘటన ఉంది. ఉద్యమంలో ఉన్నదానికి ఇలా ఆడడం తగదని ఒక కుర్రాడు నీతులు చెప్పబోతే, నీ పని నువ్వు చూసుకో అని ఆవిడ మండిపడింది. ఆ వాక్యం మాత్రం లేదు. అది 1973లో టీషర్టుల మీద ముద్రించడానికి ఎవరో కుదించి తయారుచేసింది. అంటే ఆడిన మనిషి ఆ మాట అనలేదు, అన్నది చొక్కా.

మనవాళ్ళు తక్కువ తిన్నారా? "యతో హస్తస్తతో దృష్టిః", చెయ్యి ఎటు పోతే చూపు అటు, చూపు ఎటు పోతే మనసు అటు. దీన్ని తెచ్చి భరతుడి ఖాతాలో వేసేస్తారు. అది నందికేశ్వరుడి అభినయదర్పణంలో ఉంది. ఆ గ్రంథాన్ని కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చింది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారే. 1917లో హార్వర్డ్ వాళ్ళు వేశారు. చీరాల పేరాల అనగానే గుర్తొచ్చే ఆంధ్రరత్న, ఈ శ్లోకం దగ్గర ఎవరికీ గుర్తురాడు. ఫార్వర్డ్ చేసేవాళ్ళకి చెయ్యి ఒక్కటే కదులుతుంది. చూపు, మనసు దాని వెంట వెళ్ళవు.

చివరిగా ఘటనాస్థలం పరిశీలన. మద్దెల వేరు, మృదంగం వేరు అనే పండితుల అభ్యంతరాన్ని కమిషన్ నమోదు చేసుకుని పక్కన పెట్టింది. ఒక ప్రదర్శనకి తెర పక్కన కూర్చునే వీలు దొరికింది. మృదంగం ఆయన ఎడమవైపు తోలుకి రవ్వముద్ద అద్దాడు. కుడివైపు అంచుకి కొయ్యముక్క ఆనించి రాయితో కొట్టాడు. చెవి వంచి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. శ్రుతి కలవలేదు. గజ్జె కట్టుకున్న అమ్మాయి పది నిమిషాలుగా నిలబడే ఉంది, కాళ్ళు మార్చుకుంటూ.

ఆయన తలెత్తి, "ఇవాళ గాలిలో తేమ ఎక్కువగా ఉందమ్మా, వాయిద్యం మాట వినడం లేదు" అన్నాడు.

అందరూ అయ్యో అన్నట్టు తలలూపారు. ఒకాయన ఫ్యాను ఆయన వైపు తిప్పాడు.