చిన్న కుక్క దగ్గితే "జాతి లక్షణం" అని వదిలేయకండి

"పామరేనియన్, పగ్, షిట్జూ లాంటి చిన్న కుక్కలు దగ్గడం, గురక పెట్టడం వాటి జాతి లక్షణం. కంగారుపడి డాక్టరు దగ్గర డబ్బు తగలేయకండి. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు చేస్తే అన్నం ముద్ద మింగించండి. తేనె, పసుపు పాలు పట్టండి. తగ్గకపోతే పిల్లల దగ్గు మందు సగం మోతాదు వేయండి. రోజూ బాగా పరిగెత్తిస్తే కఫం కరిగిపోతుంది." కుక్కలను పెంచుకునేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం ఆగకుండా తిరుగుతోంది. పూర్తిగా అబద్ధమైతే ఎవరూ నమ్మేవారు కాదు. కొన్ని మాటల్లో సగం నిజం ఉంది, ఆ సగమే మూగజీవాల ప్రాణం మీదికి తెస్తోంది.

మొదటిది, జాతి లక్షణమన్న మాట. కొన్ని జాతులకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువగా వస్తాయన్నది నిజమే. అయితే ఎక్కువగా వచ్చే జబ్బు ఆరోగ్యం అయిపోదు. పామరేనియన్, యార్క్‌షైర్ టెరియర్, చివావా, టాయ్ పూడుల్ జాతుల్లో శ్వాసనాళం కుంగిపోయే జబ్బు తరచూ కనిపిస్తుంది. శ్వాసనాళాన్ని తెరిచి నిలబెట్టేవి సగం గాజుల్లా వంగిన మృదులాస్థి వలయాలు. వాటిలో బలం తగ్గితే వలయాలు చదునవుతాయి, పైనున్న పొర సాగి లోపలికి జారుతుంది. కుక్క ఉత్సాహపడినా, నీళ్లు తాగినా, మెడపట్టీ లాగినా దారి మూసుకుపోయి బాతు అరుపులాంటి పొడి దగ్గు వస్తుంది. తీవ్రతను బట్టి దీన్ని నాలుగు దశలుగా చూస్తారు. మొదటి దశలో నాళం పావు వంతు మూసుకుంటే, నాలుగో దశలో దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. తొలి దశల్లో బరువు తగ్గించడం, మెడపట్టీ మాన్పించడం, డాక్టరు రాసిన మందులు వాడటంతో చాలా కుక్కలు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. "జాతి లక్షణంలే" అని ఊరుకుంటే చేజారేది ఈ కాలమే. (మన ఇళ్లలో పామరేనియన్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఇక్కడ చెబుతున్న జాగ్రత్తలన్నీ వాటికీ వర్తిస్తాయి.)

ఆ దగ్గు గుండె నుంచి కూడా రావచ్చు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే, ఎందుకంటే సందేశంలో గుండె ఊసే లేదు. వయసు మీదపడిన చిన్న కుక్కల్లో గుండె ఎడమవైపు ఉండే మైట్రల్ కవాటం మందమై సరిగా మూసుకోదు. రక్తం వెనక్కి తన్నుతుంది, గుండె గది ఉబ్బి ఊపిరి గొట్టాల మీద ఒత్తుతుంది. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కుక్కల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుండెజబ్బు ఇదే. దగ్గు మొదలుకాకముందే స్టెతస్కోపుతో వినే డాక్టరుకు కవాటం దగ్గర రక్తం వెనక్కి తన్నే సవ్వడి (మర్మర శబ్దం) వినబడుతుంది. గుండె పెరిగినా ఇంకా విఫలం కాని దశలో పిమోబెండన్ అనే మందు మొదలుపెడితే గుండె వైఫల్యాన్ని సుమారు 15 నెలలు వెనక్కి నెట్టవచ్చని 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పదేళ్లో పన్నెండేళ్లో బతికే ప్రాణికి పదిహేను నెలలంటే ఎంత కాలమో ఆలోచించండి.

ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో ఇంట్లోనే కనిపెట్టే పద్ధతి ఒకటుంది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు, కలలో కాళ్లు కదపని సమయం చూసి పక్కన కూర్చోండి. డొక్క ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. ఫోనులో అర నిమిషం పెట్టుకుని లెక్కించి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉంటే మంచిదే. రెండు మూడుసార్లు చూసినా 30 దాటుతుంటే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. నీరు చేరడం మొదలైతే తొలి గుర్తుల్లో ఒకటిగా ఈ అంకె పెరుగుతుంది.

పగ్ సంగతి వేరు. 2003లో హచ్ అనే మొబైల్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట తిరిగిన ఆ చిన్న కుక్కను చూసి మన ఊళ్లలోనూ ఎందరో పగ్‌లను తెచ్చుకున్నారు. దాని గురక ముద్దుగానే అనిపిస్తుంది. కానీ ఆ శబ్దం ఇరుకైన ముక్కురంధ్రాలకు, గొంతులోకి వేలాడే పొడవైన మెత్తటి అంగిలికి తగిలి గాలి కష్టంగా వెళ్తున్న శబ్దం. ముక్కురంధ్రాలు గీతల్లా సన్నగా ఉంటే శస్త్రచికిత్సతో వెడల్పు చేయవచ్చు, వయసు చిన్నదైతే ఫలితం బాగుంటుంది. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2019 నుంచి మరీ పొట్టి ముక్కున్న కుక్కలకు పిల్లలు పుట్టించడంపై కఠిన నిబంధనలు అమలు చేస్తోంది. అదంతా సహజమైతే ఒక ప్రభుత్వానికి ఆ అవసరం ఎందుకొస్తుంది?

ఇక అన్నం ముద్ద. కుక్క మెడ చాచి, మోచేతులు పక్కకు పెట్టి, ముక్కుతో గుర్రుగుర్రుమని గాలి లోపలికి లాగడం చూసి "ఏదో ఇరుక్కుంది" అనుకుంటారు. చాలాసార్లు అది తిరగబడిన తుమ్ము. తుమ్ములో గాలి బయటికి పోతే ఇక్కడ లోపలికి పోతుంది. సాధారణంగా నిమిషంలోపు ఆగిపోతుంది, ఆ వెంటనే కుక్క ఏమీ జరగనట్టు తోక ఊపుతుంది. గొంతును మెల్లగా నిమిరితే చాలు. ఊపిరి అందక కొట్టుకుంటున్న కుక్క నోట్లో ముద్ద కుక్కితే అది శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా తేవచ్చు. నిజంగా ఏదైనా ఇరుక్కున్న కుక్క పంజాతో నోరు గీరుకుంటుంది, చొంగ కారుస్తుంది, నాలుక నీలిరంగుకు తిరుగుతుంది. అప్పుడు వెళ్లాల్సింది ఆసుపత్రికి.

పిల్లల దగ్గు మందు విషయంలో మెత్తగా చెప్పలేను. "సగం మోతాదు" అంటే ఎవరి మోతాదులో సగం? మూడు కిలోల పామరేనియన్ అంటే అప్పుడే పుట్టిన పసికందు బరువు. ఆ పసికందుకు సీసాలోని మందు అడగకుండా పోస్తామా? జలుబు మందుల్లో ఉండే పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీయగలదు. ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫిడ్రిన్ గుండె వేగాన్ని పెంచి మూర్ఛలు తెప్పిస్తుంది. చక్కెర లేని సిరప్‌లలో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటే కొద్ది మోతాదుకే రక్తంలో చక్కెర పడిపోతుంది. నొప్పికి, జ్వరానికి వాడే ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తుంది. పైగా న్యుమోనియాలో దగ్గును బలవంతంగా ఆపితే కఫం లోపలే నిలిచిపోతుంది. కుక్కకు చెంచాడు తేనె తినిపిస్తే హాని లేదు, జబ్బూ తగ్గదు. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. దగ్గే కుక్క ఉన్న గదిలో దోమల చుట్ట, అగరొత్తి, సాంబ్రాణి పొగ, సిగరెట్టు పొగ ఉండకూడదు. కర్పూరం ఉన్న బామ్ రాయకండి, నాకితే విషం.

పరిగెత్తిస్తే కఫం కరుగుతుందన్నది అన్నిటికంటే ప్రమాదకరం. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని చల్లబడే మార్గం. ఊపిరి దారి ఇరుకైన కుక్క ఎంత రొప్పినా సరిగా చల్లబడదు. దాని మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటితే ప్రాణాపాయం. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పగ్‌ను పరిగెత్తించడం అంటే దాన్ని వడదెబ్బకు అప్పగించడమే. తెల్లవారుజామున, ఛాతీకి తొడిగే పట్టీతో, దాని వేగంతోనే నడిపించండి.

చివరిగా డబ్బు. ఖర్చు భయం నిజమైనదే, దాన్ని నేను తేలికగా తీసుకోను. దగ్గు వచ్చిన క్షణాన ఫోనులో వీడియో తీసి చూపిస్తే డాక్టరుకు కారణం కనిపెట్టడం తేలికవుతుంది, ఎందుకంటే ఆసుపత్రిలో కుక్క చాలాసార్లు దగ్గదు. ఎప్పుడు మొదలైంది, రాత్రిపూట ఎక్కువా, ఈ మధ్య కుక్కల హాస్టల్లో ఉంచారా, టీకాలు ఎప్పుడు వేయించారు, ఇవి రాసుకుని వెళ్లండి. హాస్టల్లో ఉండి వచ్చాక మొదలైన దగ్గు ఒక కుక్క నుంచి మరొకదానికి అంటుకునే రకం కావచ్చు, దానికి టీకా ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో కుక్కలనూ చూస్తారు. మండలాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. నాలుకో చిగుళ్లో నీలంగా మారినా, నిద్రలోనూ ఊపిరి ఎగబీల్చుతున్నా, పడుకోలేక మెడ చాచి కూర్చునే ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు.